గాలిలోంచి కరెంటు

రేడియో మెకానిక్ బెంచీ మీద కూర్చుని నోరు తెరిచాడంటే టీకొట్టు పెద్దాయన ఇంకో గిన్నె పొయ్యి మీద పెట్టుకోవాల్సిందే. ఆ సాయంత్రం మరీ రెచ్చిపోయాడు. కారణముంది. పక్కనే కూర్చున్న బావకి ఛాతీలో గుండె మిషన్ ఉంది, రేపు పొద్దున్నే ఆపరేషన్ చేసి దాని బ్యాటరీ మారుస్తారు. ముప్పయ్యేళ్లు బస్సు నడిపిన మనిషి, గ్లాసు పట్టుకున్న చెయ్యి వణుకుతోంది. అది చూసి మెకానిక్ బావ పక్కకి ఇంకాస్త జరిగాడు.

"బ్యాటరీ ఎందుకు బావా? మా అత్తగారి చెవి మిషన్ ఏడాదిగా బ్యాటరీ లేకుండానే నడుస్తోంది. గాలి నిండా రేడియో తరంగాలేగా, వేలెడంత రాగితీగ చుట్టతో వాటిని పట్టేసి కరెంటు చేశాను. ఆవిడకిప్పుడు మూడిళ్ల అవతల గుసగుసలు కూడా వినిపిస్తున్నాయి."

"పాపం ఆ మూడిళ్ల వాళ్లు," అన్నాడు పెద్దాయన.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? పక్కింటాయన బీపీ మిషన్‌కీ ఓ చుట్ట బిగించాను, వాళ్లావిడ ఫోన్‌లో మాట్లాడినంతసేపూ దానికి చార్జింగే, ఇప్పుడు ఇంట్లో ఫ్యాన్లు కూడా దాని మీదే తిప్పుకుంటున్నారు. అదలా ఉంచండి. మొన్న పెద్దాసుపత్రిలో కరెంటు పోయింది, జనరేటర్ మొరాయించింది, నేనేం చేశానూ, గొడుక్కి రాగితీగ చుట్టి మేడెక్కి నిలబడ్డాను. ఆక్సిజన్ మిషన్లు, ఎక్స్‌రే, లిఫ్టు, అన్నీ లేచి కూర్చున్నాయి. మిగిలింది వీధిలోకి వదిలితే మిట్టమధ్యాహ్నం దీపాలు వెలిగాయి. రేడియో స్టేషన్ వాళ్లు పరిగెత్తుకొచ్చి, అయ్యా, మా పాటలన్నీ మీ గొడుగులోకే పోతున్నాయి, పల్లవైనా వదలండని కాళ్లావేళ్లా పడ్డారు."

"వదిలావా మరి?"

"పల్లవి వదిలాను. చరణాలు ఐసీయూకి కావాలిగా."

బెంచీ అంతా నవ్వింది. బావ మాత్రం నవ్వలేదు. మెల్లగా జేబులోంచి ఫోన్ తీశాడు.

"అయితే ఆపరేషన్ అక్కర్లేదన్నమాట. రానని డాక్టర్‌గారికి చెప్పేస్తాను. ఆ చుట్టేదో నాకూ నువ్వే కట్టు," అని ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నాడు.

మెకానిక్ బెంచీ మీంచి లేచాడు. గబుక్కున ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"వద్దు బావా. అంతా అబద్ధం. అత్తగారి మిషన్‌లో వారం వారం బ్యాటరీ మార్చేది నేనే. మీ భయం పోగొడదామని ఏదో వాగాను. రేపు మీరు వెళ్లాల్సిందే."

బావ ఫోన్ అతని ముందు పెట్టాడు. తెర నల్లగా ఉంది.

"మధ్యాహ్నమే చార్జింగ్ అయిపోయింది. ఇంతసేపూ నీ పక్కనే ఉందిగా, ఒక్క గీతైనా ఎక్కలేదు," అని చల్లారిన టీ గటగటా తాగేశాడు. ఈసారి చెయ్యి వణకలేదు. "నేను వెళ్తాలే. నన్ను లోపలికి తీసుకెళ్లాక మీ అక్క బయట ఒక్కతే కూర్చుంటుంది. ఆ గొడుగు కథ దానికి చెప్పు. నేను బయటికొచ్చేదాకా ఆపకు."