పొయ్యి చూడని ఉండలు

డిసెంబరు ఇరవై మూడు, మధ్యాహ్నం. జ్లీన్ పట్టణంలో నాలుగో అంతస్తు ఫ్లాటు, వంటగది. రాద్కా ముందు గిన్నె నిండా కోకో రంగు ముద్ద, పక్కన పళ్ళెంలో కొబ్బరి పొడి. మొగుడు వోయ్త చేతిలో ఖాళీ డబ్బా. క్రిస్మస్ రేపే, ఇక్కడ పండగ భోజనం ఇరవై నాలుగు సాయంత్రమే. పెళ్ళయిన తొమ్మిదేళ్ళకి మొదటిసారి పండగ భోజనం ఈ ఇంట్లో పెట్టుకున్నారు, అత్తగారు క్వేతా ఏ క్షణాన్నైనా దిగుతుంది. సరిగ్గా ఇప్పుడే ఈ డబ్బా గొడవ వచ్చిపడింది.

"ఏ డబ్బా తెచ్చావ్?"

"నువ్వు చెప్పిందే. బాల్కనీలో నీలం పూల డబ్బా."

"నీలం పూల డబ్బాలు రెండున్నాయి వోయ్తా. రెండూ మీ అమ్మ ఇచ్చినవే, ఒక్కలాంటివే. ఏది తెచ్చావ్?"

"పైది."

"నేను కిందది అన్నాను."

"అన్నావా? అయితే ఏమైంది, రెండిట్లోనూ బిస్కట్లేగా. మరలో వేశాక పైదేంటి, కిందదేంటి?"

"కిందదాన్లో ఉన్నవి నేను పోయిన వారం మాడ్చిన బిస్కట్లు. విరిగినవి, నల్లబడ్డవి. పారేయడం ఎందుకు, పొడి చేసి వెన్నా కోకో రమ్మూ కలిపి ఉండలు చుడదామనుకున్నాను. పైదాన్లో ఏమున్నాయో నువ్వే చెప్పు."

"ఏమున్నాయి?"

"డబ్బా అడుగున గుడ్డ ఉంది, తీసి చూడు. మూల ఏం కుట్టుంది?"

"అమ్మ పేరు."

"ఆఁ."

"అంటే ఇవి... అమ్మ నెలవంకలా?"

"మీ అమ్మ వెనిల్లా నెలవంకలు. వాళ్ళింట్లో బాల్కనీ లేదని, చల్లగా ఉంటాయని మనింట్లో పెట్టుకుంది. రేపు దీపాలు వెలిగించాక పళ్ళెం నడిమధ్యలో మొట్టమొదట పేర్చే నెలవంకలు. అరవై."

"అరవైనా?"

"అరవైనీ మాంసం కొట్టే మరలో వేసి తిప్పావు. ఎలా కనపడలేదయ్యా నీకు, నెలవంకలు నెలవంకల్లా ఉంటాయి కదా?"

"ఫోన్‌లో హాకీ వస్తోంది. డబ్బా ఎత్తి మర మీద బోర్లించాను, అంతే. అయినా ఎంత గట్టిగా ఉన్నాయో తెలుసా, తిప్పలేక జబ్బలు లాగేశాయి. నీ బిస్కట్లేగా, ఇలాగే ఉంటాయిలే అనుకున్నా."

"తొమ్మిదేళ్ళుగా చెవిలో ఇల్లు కట్టుకుని పోరావు, మా అమ్మ నెలవంక నాలుక మీద పెడితే కరిగిపోతుందని."

"నాలుక వేరు, మర వేరు."

"డబ్బాకి తాడు కట్టి ఉంది కదా. మూడు ముళ్ళు వేసిచ్చింది మీ అమ్మ."

"ఆ ముళ్ళు పళ్ళతో విప్పాల్సొచ్చింది."

"అప్పుడైనా అనుమానం రాలేదూ? మాడిన బిస్కట్లకి ఎవరైనా ముళ్ళేస్తారా?"

"సిగ్గుపడి కట్టావేమో అనుకున్నా."

"వోయ్తా, ఇప్పుడు నవ్వొద్దు. నాకు ఏడుపొస్తోంది. నేను కొబ్బరికని కొట్టుకెళ్ళొచ్చేలోపల ఇంత పని చేశావు. వచ్చి నేనూ చూసుకోకుండా రమ్ పోసేశాను."

"పోనీ, అమ్మకి చెప్పేద్దాం."

"చెప్పు. మీ వదిన బొహ్దానాకి ఏమైందో గుర్తుందిగా?"

"వదిన కొనుక్కొచ్చి తనే చేశానంది. మన సంగతి వేరు."

"కొన్నందుకే మూడేళ్ళు మీ అమ్మ ఆవిడ పళ్ళాన్ని చెప్పుల దగ్గర పెట్టించింది. నెలవంకల్ని మరలో వేసినదాన్ని ఎక్కడ పెట్టిస్తుందంటావ్? ఈ ఒక్క ఏడన్నా నా పళ్ళెం నా ఇంట్లో నా బల్ల మీద ఉంటుందనుకున్నాను. అంతకుమించి ఏం అడిగాను?"

"బెల్లు మోగింది."

"విన్నాను. తలుపు నేను తీస్తా. నువ్వు ఖాళీ డబ్బా బాల్కనీలో పెట్టు. గుడ్డ లోపల పెట్టి మూత బిగించు. నోరు కూడా."

క్వేతా వచ్చింది. బూట్లు విప్పింది, కోటు విప్పలేదు, తిన్నగా వంటగదిలోకి నడిచింది.

"ఇదేంటమ్మాయ్, ఇల్లంతా ఇంత చల్లగా ఉంది? మెట్లెక్కుతూ వాసన పట్టుకుంటూ వచ్చాను. మొదటి అంతస్తులో తేనె బిళ్ళలు. రెండులో అల్లం రొట్టెలు, కాస్త మాడాయి. మూడులో జామ్ బిస్కట్లు. నాలుగుకొచ్చేసరికి ఏమీ లేదు. ఇల్లు ఖాళీ చేశారేమో అనుకున్నా."

"వీటికి ఓవెన్ అక్కర్లేదు అత్తయ్యా."

"తెలుసమ్మా. ఓవెన్ అక్కర్లేదు, అచ్చులు అక్కర్లేదు, పనితనం అసలే అక్కర్లేదు. బిస్కట్లు దంచడం, ముద్ద చేయడం, ఉండ చుట్టడం, లోపల ఏముందో కనపడకుండా పైన కొబ్బరి అద్దడం. బడిపిల్లలు చేస్తారు ఇవి."

"మీ అబ్బాయికి ఇష్టం."

"వాడికి మట్టి పెట్టినా ఇష్టమే. చిన్నప్పుడు పూలకుండీలోది తినేవాడు."

"అమ్మా, నేనిక్కడే ఉన్నా."

"ఉన్నావనే అంటున్నా. ఏరా, రేపటి వంటకి తెచ్చిన చేప బతికుందా?"

"స్నానాల తొట్టిలో ఈదుతోంది. చూసొస్తా."

"కూర్చో. దాన్నెవరూ ఎత్తుకుపోరు. రాద్కా, గిన్నె ఇలా జరుపు. ముగ్గురం చుడితే చిటికెలో అయిపోతాయి."

"వద్దు అత్తయ్యా, మీరు టీ తాగండి."

"ఊరికే కూర్చోవడం నాకు చేతకాదు. ఇదేం ఉండే, బంగాళాదుంపంత చుట్టావు? అక్రోటంత ఉండాలి. పద్నాలుగు రకాలు చేసిన చేతులివి, చూసి నేర్చుకో."

"ఈ ఏడు కూడా పద్నాలుగేనా?"

"ఎప్పుడైనా తగ్గానా?"

"లేదు. అక్టోబరులో వేళ్ళు ముడుచుకోవట్లేదన్నారు కదా, అందుకని అడిగాను."

"నొప్పులు అక్టోబరులో. పండగ డిసెంబరులో."

"నెలవంకల్లో అక్రోటు పొడి ఎంత వేస్తారు అత్తయ్యా? వచ్చే ఏడు నేనూ చేద్దామని."

"చేతికొలత."

"ఎంత పిండికి?"

"చేతికొలత అన్నానుగా. అడిగితే వచ్చే విద్య కాదమ్మా అది. బొహ్దానా కూడా ఇలాగే అడిగింది. అడిగి అడిగి, చివరికెళ్ళి ఆ యార్మిలా గడప తొక్కింది."

"పాపం, ఆవిడకి ఇద్దరు పిల్లలు, ఉద్యోగం..."

"ఉద్యోగం నేను చేయలేదూ? ముప్ఫై ఏళ్ళు చెప్పుల ఫ్యాక్టరీలో నిలబడి తోలు కోశాను. ఇంటికొచ్చి పద్నాలుగు రకాలు కాల్చాను. యార్మిలాకేం, ఇంట్లో కాల్చి కిలోల లెక్కన అమ్ముకుంటుంది, అది దాని బతుకు. ఈవిడగారు అవి కొని, సొంత పళ్ళెంలో పేర్చి, నా చేత్తో చేశానని నా ఎదురుగా పెట్టింది. అడుగున యార్మిలా పేరున్న అట్టముక్క అలాగే ఉంది. అది చూసి నేనేమన్నాను? ఒక్క మాటన్నానా?"

"అనలేదు. పళ్ళెం తీసుకెళ్ళి చెప్పుల దగ్గర పెట్టారు."

"కొన్నవి కొన్నట్టు చెబితే బల్ల మీదే ఉంచేదాన్ని. నా బల్ల మీద అబద్ధానికి చోటు లేదు."

"అమ్మా, నేను చేపని చూసొస్తా."

"కూర్చోరా. ఎందుకలా వెన్నలో వేలు పెట్టినవాడిలా చూస్తావు?"

"అత్తయ్యా, ఒక మాట. రేపు ఈ ఉండల్ని బల్ల మీద పెడతాను. ఈసారి ఇల్లు మాది కదా."

"ఇల్లు మీదే, ఎవరు కాదన్నారు. మా అత్తగారి నాటి నుంచి ఒకటే మాట, పొయ్యి చూడనిది బల్ల ఎక్కదు."

"తొమ్మిదేళ్ళు కిటికీ గట్టు మీద పెట్టించారు. ఒక ఏడు పావురాలు తిన్నాయి."

"అవి కూడా సగమే తిన్నాయి."

"అమ్మా."

"ఉన్నమాటన్నా. నువ్వేం బాధపడకమ్మాయ్. మధ్యలో నా నెలవంకలు, చుట్టూ మిగతా పదమూడు రకాలు. పక్కన చోటుంటే నీ ఉండలు పెడదాం. ఉండదు."

"సరే అత్తయ్యా."

"ఈ ముద్ద రుచి చూశావా?"

"పండగ లోపల ఏదీ నోట్లో పెట్టుకోకూడదన్నారు కదా."

"కాల్చినవి పెట్టుకోకూడదు. నా నెలవంకలు నేనే ఒక్కటి కొరికి చూడలేదు, ఆ నియమం నాది. ఇది ముద్ద. ముద్ద రుచి చూడటం తినడం కిందికి రాదు. ఇలా తే."

"వద్దు అత్తయ్యా."

"వద్దేంటి?"

"ఇంకా గట్టిపడాలి. ఇప్పుడే రుచి తెలీదు."

"నాలుక నాది, దానికి తెలుస్తుంది. తప్పుకో."

"ఎలా ఉందమ్మా?"

"ఆగరా. మింగనీ. రమ్ బావుంది. కోకో ఫరవాలేదు. కొబ్బరి కొబ్బరే. ఈ బిస్కట్టేంటే?"

"ఏం అత్తయ్యా?"

"ఎక్కడ కొన్నావు?"

"అది... కొన్నది కాదు."

"మరి దారిలో దొరికిందా? ఇంత చచ్చు బిస్కట్టు నా జన్మలో తినలేదు. వెన్న పేరుకైనా లేదు ఇందులో. కొవ్వొత్తి నమిలినట్టుంది, అంగిట్లో ఎలా అంటుకుందో చూడు. ఒరేయ్, నువ్వు తిని చెప్పు."

"తిన్నానమ్మా. బానే ఉంది."

"పూలకుండీ కూడా బానే ఉండేది నీకు. వినమ్మాయ్, నువ్వు పోసిన రమ్మే దీని పరువు కాపాడింది. ఇది చేసినవాళ్ళని పిలిచి నిలబెట్టి అడగాలి, వెన్న ఏదీ అని. ఇలాంటిది మా అత్తగారి ముందు పెట్టుంటే డబ్బాతో సహా కిటికీలోంచి విసిరేసేది. ఏ మొహం పెట్టుకుని చేశారో."

"అత్తయ్యా, కాస్త మెల్లిగా."

"మెల్లిగా ఎందుకు, వాళ్ళేమన్నా పక్క గదిలో ఉన్నారా?"

"పక్క గదిలో లేరు."

"మరింకేం. ఒరేయ్ వోయ్తా, నా డబ్బా పట్రా. నియమం తప్పితే తప్పింది, ఒక్క నెలవంక తీసి నీ పెళ్ళాం నోట్లో పెడతాను. వెన్నంటే ఏంటో తెలుస్తుంది."

"బాల్కనీ తలుపు మంచుకి బిగుసుకుపోయిందమ్మా."

"నేను వచ్చేసరికి నువ్వు అందులోంచేగా లోపలికొచ్చావు."

"ఆ తర్వాత బిగుసుకుంది."

"రాద్కా, వీడు అబద్ధమాడుతున్నాడు. పుట్టినప్పట్నుంచి చూస్తున్నా, చెవులు ఎర్రబడతాయి. నా డబ్బాని ఏం చేశారు?"

"వోయ్తా, నువ్వెళ్ళి చేపని చూడు."

"ఇప్పుడా?"

"ఇప్పుడే."

"సరే. అమ్మా, తప్పు నాదే, రాద్కాని ఏమీ అనకు."

"ఏ తప్పురా? ఎక్కడికెళ్తున్నావ్? ఏంటమ్మాయ్ ఇదంతా?"

"కూర్చోండి అత్తయ్యా."

"కూర్చునే ఉన్నాను."

"డబ్బాలు రెండూ ఒక్కలాంటివే కదా. పోయిన వారం మీలాగా చేద్దామని నేను నాలుగు రకాలు కాల్చాను, నాలుగూ మాడాయి. మీరు నవ్వుతారని చెప్పలేదు. వాటిని పొడి చెయ్యమంటే మీ అబ్బాయి పై డబ్బా తీశాడు. చూసుకునేసరికి అంతా కలిపేశాం. మీరు రాగానే చెప్పాల్సింది, భయమేసింది. నా పళ్ళెం కిటికీలో పెడతారో చెప్పుల దగ్గర పెడతారో మీ ఇష్టం."

"నువ్వేం చెబుతున్నావో నాకు అర్థం కావట్లా."

"ఇందులో ఉన్న బిస్కట్టు మీదే అత్తయ్యా. మీరిప్పటిదాకా తిట్టింది మీ నెలవంకల్నే. అరవైనీ."

క్వేతా గిన్నెలోంచి ఇంకో చిటికెడు ముద్ద తీసి నోట్లో వేసుకుంది.

"అత్తయ్యా, ఏదో ఒకటి అనండి. పోనీ తిట్టండి."

"వెన్న తప్ప ఇంకోటి ముట్టనని మనవడి మీద ఒట్టేసి మరీ చెప్పింది కదే, ఆ యార్మిలా."