ఏడడుగుల ఉడుము, గంపలో బల్లి

కంఠేశ్వర్‌లో నిరోష ఇంటి అరుగు మీద పొద్దటి నుంచి బీడీల పని ఆగిపోయింది. నానబెట్టిన తునికాకు గంపలో, పైన కప్పిన తడిబట్ట కిందికి బల్లి దూరింది. సాయంత్రానికల్లా కార్ఖానాలో బీడీలు అప్పజెప్పాలి. ఆకు ఆరిందంటే చుట్టేటప్పుడు పిగిలిపోతుంది. బట్ట తీసే ధైర్యం నిరోషకూ లేదు, ఆమెతో కూర్చుని బీడీలు చుట్టే జ్యోతిరాణికీ లేదు. అందుకే పక్కింటి రాములవ్వను పిలిచారు. పసుపు వ్యాపారం చేసే అల్లుడితో పోయినేడు విమానమెక్కి, ఇండోనేషియా దీవిలో రాకాసి ఉడుములను చూసొచ్చిన మనిషి ఈ గల్లీ మొత్తానికీ ఆమె ఒక్కతే.

రాములవ్వ వచ్చి కూర్చుంది. గంప వంక ఓరగా చూసి, గిదెంత అన్నది. అక్కడి ఉడుము ఏడడుగులట. పంగల కర్ర పట్టుకున్న గైడు, దూరంగా నిలబడండి, తిండి పడవలోనే వదిలి రండి అని మరీ మరీ చెప్పాడట. అయినా ఈమె కొంగున సకినాలున్నాయి.

"వాసన వట్టి రానే వచ్చింది బిడ్డా. ఆ తర్వాత ఏమైందో ఎరికేనా?"

జ్యోతిరాణి ఎరుక లేదన్నది. నిరోష తడిబట్ట అంచు తాకి చూసింది. ఆరుతున్నది.

ఏమైందంటే, గైడు చెట్టెక్కాడు. ఉడుము తన చీలిన నాలుకను సకినం నడిమి బెజ్జంలోంచి పోనిచ్చి, కరకర నమిలి, ఇంకోటి పెట్టమన్నట్టు తలూపింది. రెండోది తినేసరికి పన్నెండడుగులైంది. మూడోదానికి వీపు వంచింది. రాములవ్వ కొంగు నడుముకు చుట్టి ఎక్కింది, చెట్టు మీది గైడును దింపి వెనక కూర్చోబెట్టుకుంది, దీవి చుట్టూ మూడు సుట్లు తిరిగింది. మిగిలిన ఉడుములన్నీ బరాత్ లెక్క వెంబడి నడిచాయట.

"అప్పటికి దాని తల ఒక ఒడ్డున, తోక ఇంకో ఒడ్డున. ఇగ నేను దిగుడెట్ల?"

"దిగుడు తర్వాత జెప్పుదువు. ముందుగాల బట్ట తియ్యవ్వా," అన్నది నిరోష.

రాములవ్వ చెయ్యి చాపి, నడుమనే ఆపింది.

"తీద్దును బిడ్డా. మీద వడితే తలకు వోసుకోవాలె గదా. ఇయ్యాల నల్లా రాకపాయె."

నిరోష లోపలికి పోయి నిండు బిందె తెచ్చి ముందర పెట్టింది.

"నిన్న పట్టిన నీళ్లు. గంత పెద్ద ఉడుము మీద సవారీ జేసినంక ఎన్ని బిందెలు వోసుకున్నవో జెప్పు, అన్ని దెస్త."

జ్యోతిరాణి ఊరికే పట్టుకుని కూర్చున్న ఆకు కత్తెర కింద పెట్టి మూతికి కొంగు అడ్డం పెట్టుకుంది. రాములవ్వ బిందెను చూసింది, గంపను చూసింది.

"ఆడ సుట్టూ సముద్రమే ఉండె," అన్నది, కాళ్లు అరుగు మీదికి లాక్కుంటూ.

నిరోష పళ్లు బిగబట్టి తడిబట్ట లాగేసింది. బల్లి గంప అంచెక్కి, గోడ పట్టుకుని పోయింది. ఎవరి మీదా పడలేదు. అయినా ఆ బిందె ఎత్తి తల మీద గుమ్మరించుకున్నది మాత్రం రాములవ్వే.