తొమ్మిది లక్షల ప్లేట్‌లెట్లు

సాయంత్రం. రెండు గదుల వాటా. స్కూలు బస్సు డ్రైవరు కళ్ళు మూసుకుని మంచం మీద పడుకుని ఉన్నాడు. పెళ్ళయి నెల తిరగని అతని భార్య ఫోను పట్టుకుని పరుగున వచ్చింది.

“లేవండి డ్రైవరు గారూ, లేవండి. రక్తం రిపోర్టు వచ్చింది. మీకు ఏ విషజ్వరమూ లేదు.”

“నేను చెప్పలేదూ, ఉత్త తలనొప్పేనని?”

“ఆగండి, అసలు సంగతి వినండి. వీధిలో అందరికీ ప్లేట్‌లెట్లు పడిపోతున్నాయా? పక్కింటాయనకి ఇరవై వేలకి దిగాయా? మీకెన్నో చెప్పుకోండి.”

“లక్ష?”

“తొమ్మిది లక్షల ఎనభై వేలు.”

“అబ్బో.”

“పైగా ఎర్ర అక్షరాల్లో వేశారు, క్లాసు ఫస్టొచ్చినట్టు. అంతా నా వంట మహిమ. వీధి వీధంతా చెప్పొచ్చాను.”

“వీధంతా ఎందుకే?”

“మా ఆయన గట్టి పిండమని తెలియొద్దూ? ఉండండి, మీ అక్కకి చేస్తాను. డాక్టరమ్మ కదా, ముందు ఆవిడకే చెప్పాల్సింది.”

“అక్కకెందుకు ఇప్పుడు? డ్యూటీలో ఉంటుంది.”

“స్పీకర్లో పెట్టాను. వదినా, మీ తమ్ముడి ప్లేట్‌లెట్లు తొమ్మిది లక్షల ఎనభై వేలు.”

“ఎంత? మళ్ళీ చూడమ్మా. సున్నా ఎక్కువ చదివావేమో.”

“లేదు వదినా, రెండుసార్లు చూశాను.”

“నాలుగున్నర లక్షలు దాటకూడదమ్మా.”

“ఎక్కువుంటే మంచిదే కదా?”

“కాదు. రక్తనాళానికి దెబ్బ తగిలితే పరుగెత్తుకొచ్చి, ఒకదానికొకటి అతుక్కుని, రక్తం కారకుండా మూసేవి అవే. ఇంత గుంపు ఉంటే దెబ్బ లేని చోట కూడా అతుక్కుంటాయి. దారి మూసుకుపోతుంది. మెదడులో మూసుకుపోతే పక్షవాతం.”

“నేను... వీధంతా చెప్పాను వదినా.”

“తమ్ముడూ, వింటున్నావా? తలనొప్పి కాక ఇంకేముంది?”

“ఏం లేదక్కా. కాలివేళ్ళు కాస్త మండుతాయి. అంతే.”

“కళ్ళకి చీకట్లు కమ్మడం లాంటిది?”

“లేదు... లేదు.”

“మరి పొద్దున బస్సు పక్కకి ఆపి కూర్చున్నారట? మీ బస్సులో ఆయా చెప్పింది.”

“ఇంజను వేడెక్కిందే. అందుకే ఆపాను.”

“తమ్ముడూ, బస్సు నిండా పిల్లలుంటారు.”

“ఇంజనేనక్కా.”

“మాత్ర ఏదైనా చెప్పండి వదినా, ఇప్పుడే తెస్తాను.”

“చెప్పలేనమ్మా. రక్తం పలచబడే మాత్ర వేద్దామంటే, ఇన్ని ఉన్నప్పుడు అదే రక్తం కారేలా చేయొచ్చు. మనిషిని చూడకుండా ఎలా చెప్పను? నేనేమో ఇంత దూరంలో ఉన్నాను. పొద్దున్నే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళు, అక్కడి డాక్టరుకి నేను ఫోన్ చేస్తాను. ఈలోపు చూపు మసకబారినా, మాట తడబడినా, చెయ్యో కాలో మొద్దుబారినా తెల్లారేదాకా ఆగకండి. ఆ క్షణమే బయల్దేరండి.”

“సరే వదినా... పెట్టేశారు. ఏవండీ, ఇంజనేనా?”

“మళ్ళీ మొదలెట్టావా?”

“నా మీద ఒట్టేసి చెప్పండి.”

“డాక్టరు బస్సు నడపొద్దంటే ఏం చేస్తానే? నాకు వేరే పని రాదు.”

“అంటే ఇంజను కాదన్నమాట.”

“రేపు పొద్దున్నే బయల్దేరదాం. పరీక్షలన్నీ చేయించుకుంటాను. నువ్వేం చెబితే అది వింటాను. సరేనా? ఏడవకు మరి. కాసేపు నా చెయ్యి పట్టుకో.”

“ఇందాకటి నుంచీ గట్టిగా పట్టుకునే ఉన్నాను కదండీ.”