జవాబుకు దారి

మలక్‌పేటలోని ఒక శిక్షణ కేంద్రంలో అందరూ భోజనానికి వెళ్లినా, నడివయసు విద్యార్థి ఒకాయన మాత్రం ల్యాబులో రెండు రౌటర్ల ముందే కూర్చున్నాడు. పాఠం చెప్పే అమ్మాయి వచ్చి ఆయన వెనక నిలబడింది.

"రెండు గంటల సంది చూస్తున్న మేడమ్. కేబుళ్లు గూడ మార్చిన. పింగ్ కొడితే జవాబే వస్తలేదు."

"కేబుళ్లు మంచిగనే ఉన్నయి సార్. మీరు పంపింది అవతలి రౌటర్‌కు చేరుతున్నది. జవాబు తిరిగొచ్చే రూటే అండ్ల లేదు. పొద్దున నేనే తీసేసిన."

"అందరికా?"

"మీ ఒక్కరికే."

"నేనేం చేసిన మేడమ్ మీకు?"

"మూడేండ్ల కింద మీ ఆఫీసుకు ఇంటర్వ్యూకు వచ్చిన. అడిగినవన్నీ కరెక్టు చెప్పిన. ఇల్లు పాతబస్తీ దిక్కు కార్వాన్ల అనంగనే మీరు ఫైలు మూసిండ్రు. ఫోన్ చేస్తమన్నరు. మా అక్క నిఖాల గూడ ఫోన్ చేతుల పట్టుకొనే కూసున్న. మీరు రెండు గంటలకే పరేషాన్ అయితుండ్రు, నేను మూడు నెలలు చూసిన."

"యాది లేదు మేడమ్. మస్తు మంది వస్తుండిరి."

"నాకు యాదున్నది."

"ఇగో మేడమ్, అవతలి రౌటర్ల రూటు పెట్టిన. జవాబు వస్తున్నది, చూడుండ్రి. ఆ ఆఫీసుల నా నౌకరి పోయింది. సోమవారం వేరే కంపెనీల ఇంటర్వ్యూ ఉంది. ల్యాబ్ పాసైనట్టు సంతకం పెడితే చాలు."

"కరెక్టే పెట్టిండ్రు. మీ నంబరు రాసి పోండ్రి సార్."

"మరి సంతకం?"

"ఫోన్ చేస్తం."