సల్మా చూసిన ఇరుసు

ఏంటమ్మా దివ్యా, ఇందాకటి నుంచీ ఆ ఫోన్లో గీతలు చూసుకుంటూ కూర్చున్నావు? ల్యాబా? బాపట్ల కాలేజీలో ఏం నేర్పుతున్నారేంటి మీకు? చెప్పు, తాతయ్యకి అర్థం కాదులే అని దాటెయ్యకు. ఆ... ఆ... అల్ట్రాసౌండు. ఇనుములోకి శబ్దం పంపించి లోపల పగుళ్ళున్నాయో లేదో చూడటం. ఓసి పిచ్చిదానా, అది నాకు కొత్తా! నువ్వు పుట్టకముందే, మీ నాన్నకి పెళ్ళి కాకముందే, మన ఊరి రథం షెడ్డులో కళ్ళారా చూశాను నేను. చూపించింది ఎవరనుకున్నావు? మా సల్మా. నీకు తెలీదులే. పోయి చాలా ఏళ్ళయింది పాపం, రేపల్లెలో అత్తగారింట్లో ఉండగా గుండె ఆగి పోయింది. పోవాల్సిన వయసు కూడా కాదు. ఆ ఫోను పక్కన పెట్టి ఇలా కూర్చో, చెబుతాను. రేపు పరీక్షేం లేదుగా? మరింకేం.

తెనాలిలో నందివెలుగు రోడ్డు మీద బాబూలాల్ అని ఒకాయనకి కొలిమి ఉండేది. ఆయన కూతురు ఈ సల్మా. బాబూలాల్ అంటే మాటలు కాదు, బండి ఇరుసు చేశాడంటే బండి పోవాలిగానీ ఇరుసు పోదు. మన రథానికి పాత చెక్క ఇరుసు పుచ్చిపోతే ఇనుప ఇరుసు చేసిచ్చింది ఆయనే. ఏటా ఉత్సవానికి ముందు ఆయనే బస్సెక్కి వచ్చి, చక్రాలు బిగించి, ఇరుసుకి ఆముదం పోసి, మన అరుగు మీద కూర్చుని మీ నాయనమ్మ ఇచ్చిన కాఫీ తాగి వెళ్ళేవాడు. ఆయన పోయాక కొడుకు నౌషాద్ వచ్చేవాడు. మెత్తటివాడు. ఆ మెత్తదనం అక్క సల్మాకి లేదు. నేను తెనాలి హైస్కూల్లో లెక్కలు చెప్పేవాణ్ణి గదా, క్లాసు మధ్యలో లేచి, 'మాస్టారూ, మీరు బోర్డు మీద తప్పు రాశారు' అనేది. అనడం కాదు బాధ, నిజంగా తప్పే ఉండేది! డిప్లొమా చదివింది, విశాఖపట్నంలో పెద్ద ఫ్యాక్టరీలో చేరింది. అక్కడ దాని పనే ఇది, ఇనుము లోపల ఏముందో చూసి చెప్పడం. సెలవుకొస్తే చాలు, 'నేను ఊఁ అంటేగానీ బాయిలరు గేటు దాటదు మాస్టారూ' అని గొప్పలు. చెప్పుకోనీ అమ్మా! పని వచ్చినవాళ్ళు చెప్పుకోకపోతే రానివాళ్ళు చెప్పుకుంటారు. మన వెంకటరత్నం లాగా.

ఆ, వెంకటరత్నం. రథం కమిటీకి ప్రెసిడెంటు. నేను మెంబర్ని. మాట్లాడే ముందు గొంతు సవరించుకునేవాడు, 'ఆఁహఁ' అని, ఎక్కడో గేదె లేచినట్టు. ఏమైందంటే, ఒక ఏడు రథం నడిబజార్లో ఉండగా 'టప్' మని చప్పుడొచ్చింది. గట్టిగానే వచ్చింది. జనం మోకు వదిలేసి పక్కకి దూకారు. ఎలాగో మెల్లగా షెడ్డుకి చేర్చాం అనుకో. మర్నాటి నుంచీ ఈ పెద్దమనిషి మొదలెట్టాడు. 'ఆఁహఁ, ఇరుసు పగిలిందండీ. నాసి ఇనుము పెట్టి మన కళ్ళు కప్పాడండీ బాబూలాల్. కొత్త ఇరుసు చేయించాలి.' ఎవరి దగ్గర చేయిస్తాడయ్యా అంటే, ఆయన బావమరిదికి లేతు మిషను ఉంది. అదీ సంగతి! నాకు ఒళ్ళు మండిపోయింది. పోయినవాడు లేచొచ్చి సమాధానం చెప్పలేడు గదా అనేగా ఈ ధైర్యం? కమిటీలో అరిచాను, బల్ల గుద్దాను, లాభం లేకపోయింది. బజార్లో మాట పాకిపోయింది. నౌషాద్ కొలిమికి బేరాలు తగ్గిపోయాయి. వాళ్ళమ్మ నూర్ బీ మనింటికి వచ్చి, గుమ్మం దగ్గరే నిలబడిపోయి, 'మాస్టరుగారూ, మా ఆయన పేరు అలా పోతే నేను ఆ వీధిలో ఎలా తిరగనండీ' అంది. ఆవిడ ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

నేనే సల్మాకి ఫోను చేశాను. పై ఏడు ఉత్సవానికి ముందు సెలవు పెట్టి, ఫ్యాక్టరీ వాళ్ళని అడిగి మిషను తీసుకుని వచ్చేసింది. హార్మోనియం పెట్టంత ఉండేది, దానికో చిన్న గాజు తెర, ఒక వైరు, వైరు చివర బొటనవేలంత బిళ్ళ. రథాన్ని షెడ్డులోంచి బయటికి లాగే రోజది. ఊరంతా అక్కడే ఉంది. మన శేషారత్నం, ఆ ఎదురింటావిడే, దానికి నోరు ఊరుకోదు గదా, 'ఏమ్మా సల్మా, గుంటూరులో మా కోడలికి చేశారే ఇలాంటి స్కానింగు, ఇరుసుకి ఎన్నో నెల?' అంది. నవ్వులే నవ్వులు. సల్మా కూడా నవ్వేసి, 'ఉండు పిన్నీ, చూసి చెబుతా' అంది. వెంకటరత్నం మాత్రం నవ్వలేదు. 'ఆఁహఁ, కూతురొచ్చి తండ్రి ఇరుసుని బాగుందనక ఏమంటుందండీ' అన్నాడు. సల్మా గిర్రున తిరిగింది. 'బాగుండకపోతే అందరికంటే ముందు నా నోటితో నేనే చెబుతా ప్రెసిడెంటుగారూ. మీరు చెవులు మాత్రం తెరిచి ఉంచుకోండి' అంది. అందరి ముందూ అంది.

ఇక అసలు పని. ఆ బిళ్ళ ఇనుముకి నేరుగా ఆనాలట. మధ్యలో గాలి ఉంటే శబ్దం లోపలికి పోదట, నీకు తెలుసుగా. ఇరుసేమో ఏటేటా వేసిన పసుపూ కుంకుమా ఎర్రరంగూ పొరలు పొరలుగా కట్టుకుపోయి చెట్టు బెరడులా ఉంది. దాన్ని గీకాలి అంది. అంతే, గొడవ! 'ఇరుసు బొట్టు చెరుపుతారా, ఊరికి అరిష్టం' అని ఒకడు, 'అపచారం' అని ఒకడు. అప్పుడు మన అర్చకుడు శ్రీవత్స, కుర్రవాడే అప్పటికి, లోపల్నుంచి ఆముదం గిన్నె పట్టుకుని వచ్చి, 'పాత అలంకారం తియ్యకుండా స్వామికి కొత్తది పెడుతున్నామా ఏంటండీ? గీకనివ్వండి, సాయంత్రం నేనే బొట్టు పెడతాను' అన్నాడు. ఆ గిన్నె సల్మా చేతికిచ్చాడు. ఆముదం చూసి సల్మా మొహం వెలిగిపోయింది. 'మాస్టారూ, ఫ్యాక్టరీలో దీనికోసం నూనె పెట్టుకుంటాం. మా నాన్న ఏటా పోసేది ఇదేగా!' అని, గీకిన చోట ఆముదం రాసి బిళ్ళ ఆనించింది. ఇరుసుకి రెండు కొసలూ చక్రాల అవతలికి జానెడు పొడుచుకొచ్చి ఉంటాయి. దక్షిణం కొసకి సింహం మొహం ఉన్న ఇత్తడి తొడుగు, బాబూలాల్ బిగించిందే, ఎవరూ విప్పలేదు. ఉత్తరం కొస తొడుగు ఎవడో ఎత్తుకుపోయాడు, ఎవడో నాకు తెలుసు, పేరు చెప్పను. అందుకని ఉత్తరం కొస నుంచే చూసింది. శబ్దం ఈ కొసలోంచి పోయి ఆ కొసకి తగిలి తిరిగొస్తుంది. నూతిలోకి కేకేస్తే తిరిగొచ్చినట్టే. తెర మీద ఇక్కడో గీత లేస్తుంది, అక్కడో గీత లేస్తుంది. మధ్యలో ఇంకేదీ లేవకపోతే ఇనుము శుభ్రం. నేను పక్కనే ఉండి చూస్తున్నాను.

లేచింది తల్లీ. ఆ చివర గీతకి కొంచెం ఇవతల ఇంకో గీత, నిటారుగా! నాకు అర్థం కాకపోతే బాగుండునని ఎంత అనుకున్నానో. తెర ఆ పిల్లకీ నాకూ తప్ప ఎవరికీ కనబడటం లేదు. ఒక్క మాట అనకుండా పెట్టె కట్టేసుకున్నా అడిగేవాడు లేడు. సల్మా బిళ్ళ జరిపింది, మళ్ళీ చూసింది, అరచేతులు చీరకి తుడుచుకుంది. లేచి నిలబడి, 'దక్షిణం కొస దగ్గర లోపల ఏదో ఉంది' అంది. గట్టిగా అంది, వెనకాల వాళ్ళకి కూడా వినపడేటట్టు. షెడ్డంతా గగ్గోలెత్తింది. నౌషాద్ పరిగెత్తుకొచ్చి అక్క చెయ్యి పట్టుకున్నాడు, 'ఆపా, ఎందుకు చెప్పావు ఆపా?' అని. 'కనబడింది కాబట్టి చెప్పాన్రా. ఇది దాస్తే రేపు బాగుందన్నా ఎవడు నమ్ముతాడు? వదులు, నా పని అవలేదు' అంది. చూశావా? అదీ సల్మా అంటే. నేను ఎంతమందికి పాఠాలు చెప్పానో, అలాంటి గుండె ఇంకొకళ్ళలో చూడలేదు.

దక్షిణం వైపుకి వెళ్ళి, తొడుగు పక్కన ఇరుసుని చుట్టూరా గీకించి, ఆముదం రాసి, పైనుంచి, పక్క నుంచి, కింద పడుకుని కింద నుంచి, అన్ని వైపుల నుంచీ చూసింది. చీరంతా ఆముదం, మసి. లేచేసరికి మొహం తేటపడింది. 'ఇది పగులు కాదు! పగులైతే ఒక పక్క నుంచి పెద్దగా, ఇంకో పక్క నుంచి సన్నగా కనబడుతుంది. ఇది ఎటు నుంచి చూసినా ఒకటే దూరం, నున్నగా, గుండ్రంగా, నట్టనడుమ ఉంది. ఇది మనిషి తొలిచిన బెజ్జం. అదీ చక్రం అవతల, బరువు పడని చోట. మిగతా ఇరుసులో నలకంత లోపం లేదు' అంది. వెంకటరత్నం వదుల్తాడా? 'ఆఁహఁ, అంటే ఇనుములో పుచ్చు ఉంటే తొలిచి, మూత పెట్టి, పైన ఇత్తడి తొడుగు కప్పాడన్నమాట మీ నాన్న! ఇదింకా పెద్ద మోసం గదండీ!' అన్నాడు. దాంతో జనం కూడా అటు మొగ్గారు. నిజమేనేమో అనుకున్నారు. ఇనుములో ఊరికే బెజ్జం ఎవడు పెడతాడు? సల్మా అందరి వంకా చూసి, తమ్ముడికి ఒక్కటే మాట చెప్పింది, 'తొడుగు విప్పు.'

విప్పాడు. తొడుగు కింద ఇరుసు కొస నున్నగా, అద్దంలా ఉంది. దాని నడుమ వెంట్రుకంత సన్నగా గీత, చిన్న చేతిగాజులాగా గుండ్రంగా. మూతే! అంత బాగా కూర్చాడు మహానుభావుడు. సల్మాయే ఉలి తీసుకుని ఆ మూత కదిపింది. కింద దోసిలి పట్టింది. ఏం పడిందనుకున్నావు? ముక్కుపుడక. బంగారు ముక్కుపుడక, ఎర్రరాయిది. వెనకాల ఎక్కడో ఆడవాళ్ళలో నిలబడ్డ నూర్ బీ అందర్నీ తోసుకుంటూ వచ్చి చూసింది. 'ఓరి దేవుడా, ఇది నాది! పెళ్ళినాటిది! పోయిందని నూతిలో దింపి వెతికించాను, ఆడపడుచు తీసిందని దాంతో మాటలు మానేశాను... ఆయన నవ్వుకుంటూ ఊరుకున్నాడు!' అని నెత్తి మీద చేతులు పెట్టుకుంది. తర్వాత ఆవిడే చెప్పింది. వాళ్ళ మామగారు అనేవాడట, దేవుడి రథానికి కొత్త ఇరుసు చేస్తే, చేసినవాడి ఇంటి బంగారం దాని లోపల ఉండాలి, ఆ సంగతి పెళ్ళానికి కూడా చెప్పకూడదు, చెబితే ఇచ్చినట్టు కాదు అని. ఆ మాటే పట్టుకున్నాడు బాబూలాల్. నాకు కళ్ళ వెంట నీళ్ళు ఆగలేదు, ఇప్పటికీ ఆగవు. మోసగాడన్నారే, మోసగాడని! వెంకటరత్నం గొంతు సవరించుకోబోయాడు, చప్పుడు రాలేదు. ఆ చప్పుడంటే గుర్తొచ్చింది, ఆ ఏడు నడిబజార్లో వచ్చిన 'టప్' ఇరుసుది కాదు, చక్రం మధ్య దుంగ ఎండి చీలిందది, సల్మా అదీ అక్కడికక్కడే వేలు పెట్టి చూపించింది, వడ్రంగి అప్పుడే ఇనుప పట్టీ బిగించేశాడు.

'ముక్కుపుడక తీసుకోండమ్మా, మీదేగా' అన్నారు కమిటీ వాళ్ళు. నూర్ బీ దాన్ని కొంగుతో తుడిచింది, ఒకసారి ముక్కు దగ్గర పెట్టుకుని చూసుకుంది, మళ్ళీ తన చేత్తోనే ఆ బెజ్జంలో వేసేసింది. 'ముయ్యరా నౌషాద్' అంది. కొడుకు మూత కొట్టాడు. ఆవిడ వెంకటరత్నం వైపు తిరిగి, 'ఇక లాగండి' అంది. లాగాం అమ్మా! ఎవరు ముందు, ఎవరు వెనక అని లేదు, ఊరు ఊరంతా మోకు పట్టుకుంది. రథం కదిలింది, ఒక్క చప్పుడు లేదు. సల్మా మిషను నేల మీద వదిలేసి, ఆ ఇరుసు కొస మీద అరచెయ్యి ఆనించి, దానితో పాటే బయటికి ఎండలోకి నడిచింది. అంత నోరున్న పిల్ల, 'నాన్నా' అని ఒక్క మాట అంది, అంతే...

ఊఁ... కాఫీ చల్లారిపోయింది చూడు. తాగు.