లేపని పిట్టలు

ధరూర్ దగ్గర కృష్ణా నది నిలవ నీళ్ల మధ్య గుండ్రటి పుట్టి పడవ ఆగింది. ఎదురుగా ఇసుక తిన్నె మీద వందలాది బాతులు నిద్రపోతున్నాయి. హైదరాబాదు నుంచి పక్షులను చూడవచ్చిన సారు, తెడ్డు పట్టుకున్న గైడు వైపు తిరిగాడు.

"అక్కా, గట్టిగా చప్పట్లు కొట్టు. అన్నీ ఒకేసారి ఎగిరితే ఫోటో అదిరిపోతుంది."

"నేను కొట్ట సారూ."

"ఏమైతది? మళ్లీ వాలతాయి కదా!"

"మంచుకొండలు దాటి వచ్చినయి. జర పండనియ్యి."

"పిట్టలను లేపడం కూడా రాదా నీకు?"

ఆమెకు నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది.

"రాకేంది? ఏడేండ్లకే పటేలు జొన్నచేన్ల మంచె ఎక్కించిండ్రు. పొద్దుందాక వడిసెల తిప్పిన, గొంతు పోయేటట్టు అరిచిన. బడి మొకం చూడలే. గప్పుడు లేపిన పిట్టలు చాలు నాకు."

"అయితే రేపటి నుంచి వేరే గైడును పెట్టుకుంటా."

"పెట్టుకో సారూ. ఒడ్డుకు పోయినంక."

ఆమె తెడ్డును నీళ్లలోంచి తీసి ఒళ్లో అడ్డంగా పెట్టుకుంది.

"తెడ్డెందుకు తీసేశావ్?"

"ఎగిరే ఫోటో కావాలంటివి కదా? వాటంతట అవి లేసేదాంక ఈడనే కూసుందాం."