బాగుచెయ్యొద్దన్నా

మార్కాపురం బస్టాండు ఎదురుగా షబ్బీర్ సెల్ రిపేరు దుకాణం. పుల్లలచెరువు దగ్గర పల్లె నుంచి వచ్చిన రత్నమ్మ కౌంటరు ముందు నిలబడి ఉంది.

“అదేందక్కా, మళ్ళీ వచ్చే వారం అంటావు? ఛార్జింగ్ పిన్ను ఒక్కటే పోయింది. టీ తాగొచ్చే లోపల చేసిస్తా.”

“వద్దులే షబ్బీరన్నా. ఉండనీ.”

“మూడు వారాల నుంచి ఇదే మాట. ఉండనీ, ఉండనీ! డబ్బుల సంగతైతే మర్చిపో. మీ ఆయన ఏబేలన్న నాకు పరాయోడా?”

“డబ్బుల గురించి కాదు.”

“మరి? పోయినసారి బోరు బండి పనికి పోతా పోతా కార్డు నిండా సినిమాలు ఎక్కించుకొని పోయినాడు. ‘ఆ రాళ్ళల్లో సిగ్నలుండదు షబ్బీరూ, పని లేనప్పుడు ఇవే నాకు దిక్కు’ అన్నాడు. కొత్తవి వచ్చినాయి, తీసి పెట్టినా. చెప్పు ఆయనకు.”

“ఊఁ.”

“ఫోన్ చేసినాడా? నా తిక్క గానీ, ఫోను నా దగ్గరుంటే యాడ చేస్తాడు! అందుకే చెప్తా ఉన్నా, ఇప్పుడే విప్పి…”

“ముట్టుకోవద్దన్నా దాన్ని!”

“…ఏందక్కా?”

“మా అత్త బస్టాండులో నీళ్ళు తాగేదానికి ఆగింది. వచ్చి అడిగితే బాగుకాదని చెప్పు. బోర్డు పోయిందని చెప్పు. నువ్వు చెప్తే నమ్ముతాది.”

“అబద్ధమెందుకు చెప్పాల? ఆ పెద్దమ్మ పోయిన వారం నా ముందర కండ్లనీళ్ళు పెట్టుకునింది. ‘ఆదివారం ఆరాధన అయినాక వాటరు ట్యాంకు మెట్లెక్కితే సిగ్నలొస్తాది నాయనా, నా కొడుకు మొగం చూసుకుంటా’ అని. ఆ మాత్రం చూసుకోనియ్యకూడదా? మీ ఇద్దరికీ ఏమన్నా…”

“అట్లాంటిదేం లేదు.”

“ఏబేలన్నతో గొడవా?”

“లేదు.”

“మరి ఆయన చేస్తే ఎత్తేదెవరు?”

“చెయ్యడు.”

“ఎందుకు చెయ్యడు?”

“చెయ్యడన్నా. నాగపూరు అవతల… బోరు బండి రాడ్డు జారి మీద పడింది. నెల దాటింది. ఇంటికి తెచ్చేదానికి మనిషికి రూపం మిగల్లేదు. నేనే పోయి ఆడనే మట్టి చేసి వచ్చినా.”

“యా అల్లా…”

“గుంటూరు మిరపకోతలకు పోతా ఉన్నానని అత్తకు చెప్పి పోయినా. వచ్చి చెప్దామనే అనుకున్నా. వాకిట్లో కూర్చోని చింతకాయ తొక్కు దంచుతా ఉంది. ‘వాడికి పంపే దోవ ఏమన్నా ఉందా రత్నమ్మా’ అనింది. ఇంట్లోకి పోయి ఆ పిన్నులో సూది పెట్టి నేనే చెడగొట్టినా. ఫోను పాడైతే, కొడుకు ఎందుకు చెయ్యలేదని అడగదు గదా.”

“ఊర్లో ఎవరికీ తెలీదా?”

“పాస్టరు గారికొక్కరికే. దూరం పోయినోళ్ళ పేర్లు ప్రార్థనలో చదువుతాడు గదా, ఈయన పేరు కాడ ఆగి దాటేస్తాడు. ‘నా కొడుకును మర్చిపోతా ఉన్నావు అయ్యగారూ’ అని అత్తే లేచి గుర్తుచేసింది.”

“ఎన్నాళ్ళు దాస్తావు తల్లీ?”

“తెలీదు. పెద్ద కొడుకు పోయినప్పుడు తొమ్మిది రోజులు గంజి కూడా ముట్టలేదు. ఈయన వచ్చి నోట్లో పెడితే తినింది. ఇప్పుడెవరు పెడతారు? ఈ ఒక్క వారం… ఇంకొక్క వారం… అదిగో, వస్తా ఉంది. చెప్పన్నా, నీ కాళ్ళు పట్టుకుంటా.”

“ముందు కండ్లు తుడుచుకో… రా పెద్దమ్మా, రా. ఈ స్టూలు మీద కూర్చో.”

“కూర్చోనేదానికి రాలేదు నాయనా. అయిందా?”

“లేదు పెద్దమ్మా. బోర్డు… బోర్డు పోయింది. ఇంక బాగుకాదు.”

“ఎవరు చేసినా కాదా?”

“ఎవరు చేసినా కాదు పెద్దమ్మా.”

“ఏడుస్తావేంది రత్నమ్మా, ఫోను పోతే? ఊరుకో. నేను ముందే అనుకున్నా. అందుకే పొద్దున నువ్వు నీళ్ళకు పోయినప్పుడు నా రెండు మేకల్ని అమ్మి తోలిచ్చినా, మేకల బేరం చేసే కాటమరాజుకు. షబ్బీరూ, మొగం కనపడే ఫోను కొత్తదొకటియ్యి.”

“అత్తా, మేకలా? నీకు అవేగా…”

“పోతే పోయినాయి. నా కొడుకు కంటే ఎక్కువా? ఇయ్యి నాయనా.”

“కొత్తవి… ఈ రోజు లేవు పెద్దమ్మా.”

“ఆ అద్దం ఎనక వరసగా ఉన్నవేంది మరి? ఆ ఎర్రది తియ్యి. ఇప్పుడే, ఈడ్నుంచే చెయ్యి. నెంబరు పాతదాంట్లోనే పోయిందని భయపడొద్దు, నాకు నోటికొచ్చు. కొట్టు నాయనా… తొమ్మిది… నాలుగు… కొట్టు, చూస్తా నిలబడతావేంది?”